మన ఒళ్లు, వాళ్ల లెక్క – 6: "ఇంకా పరిశోధన జరగాలి" అనే మాట ఖరీదెంత?

పోయిన భాగం చదివి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. మా వైపు పిల్లోడే. హైదరాబాద్‌లో పబ్లిక్ హెల్త్ చదువుతున్నాడు.

"అక్కా, ఒక స్టడీ వచ్చింది. మన వాడల్లో ఆడవాళ్లకు రక్తహీనత ఎంతుందో చూడాలంట. ఇంటింటికీ తిరిగి రక్తం తియ్యాలి. నన్ను ఫీల్డ్‌కి తీసుకుంటామన్నారు, నెలనెలా డబ్బులిస్తారు. నన్నే ఎందుకు సార్ అంటే, నువ్వు ఆ వాడ పిల్లగాడివి కదా, నువ్వు అడిగితే కాదనకుండా వేలిముద్ర వేస్తారు అన్నారు. సోమవారం లోపు చెప్పాలి. చెయ్యమంటావా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నెల తిరిగేసరికి జీతం పడే లెక్చరర్‌ని, "చెయ్యకు రా" అనడం నాకు తేలిక. వాడికి హాస్టల్ ఫీజుంది, ఇంటి దగ్గర అమ్మ ఉంది. పైగా పరిశోధన అనే గదిలోకి మన పిల్లలు అడుగుపెట్టేదే ఈ ఫీల్డ్ ఉద్యోగాల గుమ్మం నుంచి. ఆ గుమ్మం మూసెయ్యమని నేనెట్లా చెప్తాను? చెయ్యమని కూడా నోరు రాలేదు. రెండు రోజుల టైం అడిగాను. ఆ రెండు రోజులు నేను ఆలోచించిందే ఈ పోస్టు. పొడుగ్గా ఉంటుంది. టీ తెచ్చుకుని కూర్చోండి.

ఆరోగ్యం మీద వచ్చే ఏ పేపరైనా తీయండి. చివరి పేరాలో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ఈ అంశంపై మరింత పరిశోధన జరగాల్సి ఉంది. నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం చివరి అధ్యాయంలో నేనూ రాశాను. తెలుగు శాఖలో అది మంగళహారతి లాంటిది, పాడకపోతే పూజ పూర్తవదు. నేను వదిలేసిన ఖాళీని ఇరవై ఏళ్లు ఎవరూ పూరించకపోయినా ఒక్క ప్రాణం కూడా పోదు. వైద్యంలో అట్లా కాదు. అక్కడ "ఇంకా తెలుసుకోవాలి" అంటే "అప్పటిదాకా ఆగండి" అని అర్థం. ఆ ఆగేది ఎవరు?

మా పెద్దమ్మ సంగతి చెప్తాను. మిరప కళ్లాల్లో కాయలు ఏరి, పత్తి తీసి, నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి. ముట్లుడిగిన రెండేళ్ల తర్వాత మళ్లీ రక్తం కనపడింది. ఎవరికీ చెప్పలేదు. గుడ్డలు ఉతుక్కుని కూలికి పోయింది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు, తర్వాత టౌన్లో స్కానింగు, చివరికి పట్నంలో పెద్దాసుపత్రి. "గర్భసంచి మూతికి క్యాన్సరు. చాలా దూరం పోయింది" అన్నారు. 2012లో పోయింది. అప్పటికి యాభై ఒకటి. ఆసుపత్రి వరండాలో ఒక డాక్టరమ్మ మామీద కోపంగా అన్న మాట నాకిప్పటికీ వినపడుతుంది: "ముందే తీసుకురావాల్సింది కదమ్మా!"

ముందే అంటే ఎప్పుడు? ఎక్కడికి? లక్షణం కనపడకముందే ఈ జబ్బును పట్టుకునే పరీక్ష మా మండలంలో ఎక్కడుంది? మా వాడలో ఒక్క ఆడమనిషికైనా అట్లాంటి పరీక్ష ఉందని తెలుసా? ఈ ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ పోతేనే నాకు ఉస్మానాబాద్ కనపడింది.

చాలామందికి తెలియని కథ. నెమ్మదిగా చదవండి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాత్రికి రాత్రి రాదు. హెచ్‌పీవీ అనే వైరస్ ఒంట్లో తిష్ట వేసి, కణాలు మెల్లమెల్లగా మారి, క్యాన్సర్‌గా ముదరడానికి పదీ పదిహేనేళ్లు పడుతుంది. అంటే పట్టుకోవడానికి పదేళ్ల గడువు ఇచ్చే జబ్బు ఇది. పాప్ స్మియర్ పరీక్ష 1940లలోనే వచ్చింది. దేశమంతా పద్ధతిగా ఆ పరీక్ష చేసిన ఫిన్లాండ్, ఐస్‌లాండ్ లాంటి చోట్ల ఈ చావులు బాగా తగ్గాయని 1980లకల్లా ప్రపంచానికి తెలుసు.

మనకు వచ్చిన చిక్కు వేరు. పాప్ స్మియర్‌కి ల్యాబ్ కావాలి, స్లైడు చదివే పాథాలజిస్టు కావాలి. మన పల్లెల్లో ఆ రెండూ లేవు. అందుకని వెనిగర్ పరీక్ష ముందుకొచ్చింది. పలుచటి ఎసిటిక్ ఆమ్లం దూదితో అద్ది, ఒక నిమిషం ఆగి, టార్చిలైటు వేసి చూడాలి. చెడ్డ కణాలున్న చోట తెల్లగా పాలిపోతుంది. శిక్షణ ఇస్తే పదో తరగతి చదివిన హెల్త్ వర్కర్ కూడా చేయగలదు. ఈ చవక పరీక్ష నిజంగా ప్రాణాలు కాపాడుతుందా? 1998 నాటికి అది న్యాయమైన ప్రశ్నే. తెలియని సంగతే. అందుకే ఇండియాలో మూడు పెద్ద ట్రయల్స్ మొదలయ్యాయి.

ముంబై మురికివాడల్లో 1998లో ఒకటి. మహారాష్ట్రలోనే ఉస్మానాబాద్ జిల్లా (ఇప్పుడు ధారాశివ్ అంటున్నారు) పల్లెల్లో ఒకటి. తమిళనాడు దిండిగల్ జిల్లాలో ఒకటి. ముంబై దానికి డబ్బు అమెరికా ప్రభుత్వ క్యాన్సర్ సంస్థది. ఉస్మానాబాద్ దానికి గేట్స్ ఫౌండేషన్‌ది. పద్ధతి మూడింట్లోనూ ఒకటే. ఆడవాళ్లను గుంపులుగా విడగొట్టారు. ఒక గుంపుకు పరీక్ష చేశారు. ఇంకో గుంపుకు చేయలేదు. ఆ రెండో గుంపును "కంట్రోల్" అంటారు. ఏళ్ల తరబడి రెండు గుంపుల్లో ఎంతమంది చనిపోతున్నారో లెక్కపెట్టారు.

మూడు చోట్లా కలిపి ఏ పరీక్షా లేని ఆ గుంపుల్లో ఉన్న ఆడవాళ్లు 1,38,624 మంది. వాళ్లలో కనీసం 254 మంది ఇదే క్యాన్సర్‌తో చనిపోయారు.

ఈ లెక్క బయటపెట్టి, ఇదేం న్యాయమని అమెరికా ప్రభుత్వ నైతిక పర్యవేక్షణ కార్యాలయానికి 2011లో ఫిర్యాదు చేసినవాడు ఎరిక్ సుబా అనే అమెరికన్ పాథాలజిస్టు. ముంబై ట్రయల్‌లో ఆడవాళ్ల దగ్గర సమ్మతి తీసుకునేటప్పుడు వాళ్లకు సరిపడా సమాచారం ఇవ్వలేదని ఆ కార్యాలయం తేల్చింది. అంటే, మీకు చేయకుండా వదిలేస్తున్న పరీక్ష ఇంకో దేశంలో, ఆ మాటకొస్తే ఇదే ముంబైలో డబ్బున్నవాళ్ల క్లినిక్కులో, మామూలుగా చేస్తారని ఆ ఆడవాళ్లకు సరిగ్గా చెప్పలేదు.

పరిశోధకులు చెప్పిన సమర్థన కూడా వినాలి. అవతలి వాదం వినకుండా తిట్టడం మన పద్ధతి కాదు. వాళ్లేమన్నారంటే: ఇండియాలో జాతీయ స్థాయిలో స్క్రీనింగ్ కార్యక్రమమే లేదు. కాబట్టి "ఏమీ చేయకపోవడమే" ఇక్కడి ప్రామాణిక వైద్యం. కంట్రోల్ గుంపులో ఉన్నవాళ్లు మేము రాకపోయినా పరీక్ష పొందేవాళ్లు కాదు. మేము వాళ్ల దగ్గర ఏదీ లాక్కోలేదు.

ఈ మాటను రెండుసార్లు చదవండి. "ఏమీ చేయకపోవడమే ప్రామాణికం." ఎవరి ప్రామాణికం అది? బాంద్రా అపార్ట్‌మెంట్ ఆవిడకూ అదేనా? ఊరు నీళ్లివ్వని వాడకు "ఇక్కడ నీళ్లివ్వకపోవడమే ఆచారం" అని చెప్పినట్టు లేదూ? చెరువు దగ్గరికి రానివ్వని ఊరి న్యాయం, శాస్త్రం భాషలోకి మారితే ఇట్లాగే ఉంటుంది. అన్యాయాన్ని కొలతబద్దగా పెట్టుకుని, దాని మీద మేము అంగుళం కూడా తగ్గించలేదు చూడండి అన్నారు. మహద్ చెరువు నీళ్లు తాగడానికి 1927లో అంబేద్కర్ నడిచిన రాష్ట్రంలోనే, అంతకు డెబ్బై ఏళ్ల తర్వాత ఈ మాట.

సరే, ఆవేశం పక్కన పెడదాం. ఆవేశంతో చెప్తే "వీళ్లకు సైన్సు తెలియదు" అంటారు. లెక్కతోనే మాట్లాడదాం. లెక్క మనకు శత్రువు కాదు. బాబాసాహెబ్ రెండు డాక్టరేట్లూ అర్థశాస్త్రంలోనివే.

ఒక పరిశోధన చేయడం దండగా, లాభమా అని తూచే పద్ధతి ఆరోగ్య అర్థశాస్త్రంలో ఉంది. సమాచారం విలువ కట్టడం అంటారు. పేరుకు పెద్దగా ఉంటుంది గానీ మన రైతుకు తెలిసిన సంగతే. బోరు వేయించే ముందు జియాలజిస్టును పిలుస్తాడు. ఆయన ఫీజు ఐదు వేలనుకోండి. ఆ ఐదు వేలు ఎప్పుడు సార్థకం? ఆయన చెప్పిన మాటను బట్టి బోరు చోటు మారే అవకాశం ఉంటేనే. "ఏం చెప్పినా నేను ఈశాన్యం మూలలోనే వేస్తా" అని ముందే నిర్ణయించుకున్నవాడికి ఆ ఫీజు దండగ. ఇది మొదటి సంగతి.

రెండోది. ఆయన సరైన పాయింటు చూపించాడు, కానీ బోరు వేయించడానికి మీ దగ్గర డబ్బే లేదు, లేదా వేసే ఉద్దేశమే లేదు. అప్పుడు ఆ పాయింటు విలువ ఎంత? సున్నా.

మూడోది. ఆయన వచ్చి రిపోర్టు ఇచ్చేలోపు నెల పడుతుంది. ఆ నెలలో చేను ఎండుతుంది. ఎండిన చేను నష్టాన్ని ఫీజులో కలపాలా, వద్దా? కలపాలి. ఇంకో మెలిక కూడా ఉంది: ఎండేది ఎవరి చేను? రిపోర్టు మోతుబరికి, ఎండేది కౌలుదారు చేను అయితే, ఆగడానికి మోతుబరికేం తొందర?

అంతే. ఈ మూడు ప్రశ్నలే. జవాబు నిర్ణయాన్ని మారుస్తుందా? మారిన నిర్ణయాన్ని అమలు చేసే నాథుడున్నాడా? ఆగినందుకు అయ్యే నష్టం ఎంత, ఎవరిది?

ఇప్పుడు ఆ మూడు ట్రయల్స్‌ను ఈ తరాజులో పెట్టండి.

జవాబులొచ్చాయి. దిండిగల్ ఫలితాలు 2007లో వచ్చాయి: వెనిగర్ పరీక్షతో ఈ క్యాన్సర్ చావులు 35 శాతం తగ్గాయి. ఉస్మానాబాద్ ఫలితాలు 2009లో: ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన గుంపులో 34 మంది చనిపోతే, ఏదీ చేయని గుంపులో 64 మంది. అక్కడ వెనిగర్ పరీక్ష చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. ముంబై ఫలితాలు 2013లో: వెనిగర్ పరీక్షతో చావులు 31 శాతం తగ్గాయి. చికాగోలో ప్రపంచ క్యాన్సర్ డాక్టర్ల సభలో చెప్తే చప్పట్లు కొట్టారు.

ఇవి పనికిరాని జవాబులని నేననను. హెచ్‌పీవీ పరీక్ష మెరుగని ప్రపంచం నమ్మడానికి ఉస్మానాబాద్ ఒక పునాది. అయితే రెండో ప్రశ్నకు రండి. అమలు? మన కేంద్ర ప్రభుత్వం 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకు ఐదేళ్లకోసారి వెనిగర్ పరీక్ష చేయాలని మార్గదర్శకాలు ఇచ్చింది 2016లో. తర్వాత వచ్చిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019–21 నాటిది, ఏం చెప్పింది? దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు రెండు శాతం కూడా లేరు. 2022 అంచనాల ప్రకారం ఏడాదికి దాదాపు 80 వేల మంది ఈ జబ్బుతో పోతున్నారు.

పాయింటు చూపించారు. బోరు వేయలేదు.

ఆ 254 మందికి పరీక్ష చేసి ఉంటే అందరూ బతికేవాళ్లని నేను చెప్పను. వాళ్ల శాతాలే తీసుకుంటే మూడోవంతు, అంటే ఎనభై తొంభై మంది బతికేవాళ్లు. ఆ ఎనభై తొంభై మందిని ఖర్చుపెట్టి కొన్న జవాబు అది. ఖర్చుపెట్టి కొన్నదాన్ని కనీసం వాడనైనా లేదు. మా పెద్దమ్మ 2012లో పోయింది. అప్పటికి దిండిగల్ జవాబు వచ్చి ఐదేళ్లు. మన జాషువా తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపించాడు. ఇక్కడ గబ్బిలం వెళ్లింది, చెప్పింది, విన్నవాడు చప్పట్లు కూడా కొట్టాడు. తర్వాత లేచి నిలబడ్డవాడే లేడు.

ఏ ట్రయల్ బడ్జెట్‌లోనైనా డాలర్లుంటాయి, జీతాలుంటాయి, జీపులుంటాయి. ఆగడం ఖర్చు అనే గడి మాత్రం ఎక్కడా ఉండదు. ఆ గడి నిండేది మన ఆడవాళ్లతో కాబట్టి. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నారు పెద్దలు. కాకి ఆకలి నిజమే కావచ్చు. పుండు ఎద్దుది.

ఇక మన ఖమ్మం సంగతి.

2009 జూలైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు. టీకాలు కంపెనీ ఉచితంగా ఇచ్చింది. గుజరాత్‌లోని వడోదరలో ఇంకో కంపెనీ టీకాతో ఇట్లాంటిదే. ఖమ్మంలో చాలామంది ఆశ్రమ పాఠశాలల, హాస్టళ్ల పిల్లలు. ఆదివాసీలు, దళితులు. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారన్న వార్తతో, మహిళా సంఘాల గొడవతో, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ చావులకు టీకా కారణమని తేలలేదు. నీళ్లలో పడటం, పాముకాటు, పురుగుల మందు, జ్వరం లాంటి కారణాలని విచారణ కమిటీ చెప్పింది. హెచ్‌పీవీ టీకా మంచి టీకా. మీ ఇంట్లో ఆడపిల్ల ఉంటే వేయించండి. ఈ పోస్టును ముక్కలు కోసి "టీకాలు కుట్ర" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లతో నాకు చుట్టరికం లేదు.

నా గొడవ సంతకాల గురించి. ప్రభుత్వ విచారణలో మన రాష్ట్రంలో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ ప్రాజెక్టును చీల్చి చెండాడింది. నేనూ హాస్టల్ పిల్లనే. నా ప్రోగ్రెస్ కార్డు మీద, స్కాలర్‌షిప్ ఫారం మీద, జ్వరం వచ్చిన రోజు ఆసుపత్రి చీటీ మీద వార్డెన్ సంతకమే. అమ్మానాన్న మిరప చేలల్లో ఉంటే ఎవరు పెడతారు? ఆ అలవాటు మీద ఆధారపడే ఈ పిల్లల్ని ఎంచుకున్నారని నాకు అనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ స్కూల్ ప్రిన్సిపల్, పిల్లల తల్లిదండ్రుల్ని అడక్కుండా రెండు వేల ఫారాల మీద సంతకం పెట్టి టీకా వేయించగలడా? మర్నాడు పొద్దున గేటు ఉంటుందా?

పైగా, ఆ ప్రాజెక్టు అడిగిన ప్రశ్న ఏమిటి? టీకా పనిచేస్తుందా అని కాదు. అది అప్పటికే వేరే చోట్ల తేలింది. దాన్ని ఇక్కడి పిల్లలకు ఎట్లా చేరవేయాలి, జనం ఒప్పుకుంటారా అన్నది. అంటే ఆ పరిశోధనలో తెలుసుకోవాల్సిందే జనం నమ్మకం గురించి. దాన్ని జనం నమ్మకం తీసేసి చేశారు. ఫలితం? పదేళ్లకు పైగా ఈ దేశంలో హెచ్‌పీవీ టీకా పేరెత్తడానికి ప్రభుత్వాలు భయపడ్డాయి. సిక్కిం లాంటి చిన్న రాష్ట్రం 2018లో ధైర్యం చేసి దాదాపు పిల్లలందరికీ వేసింది. కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ఆ మాట వినపడటానికి 2024 రావాల్సొచ్చింది. తప్పుగా చేసిన పరిశోధన ఖర్చు, దాని బడ్జెట్‌తో అయిపోదు. తర్వాత రావాల్సిన మంచిని కూడా అది తినేస్తుంది. ఆ ఆలస్యం కూడా మన పిల్లల ఖాతాలోనే పడింది.

ఇప్పుడు నా వాదానికే అడ్డం వచ్చే ఒక నిజం చెప్తాను. దాచిపెడితే మీకు అన్యాయం చేసినట్టు.

అదే కాలంలో ఇండియాలో ఇంకో హెచ్‌పీవీ టీకా ట్రయల్ నడుస్తోంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వాళ్లది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అని చూస్తున్నారు. 2010లో ఖమ్మం గొడవతో ప్రభుత్వం అన్నిటినీ ఆపించేసరికి, ఆ ట్రయల్‌లో దాదాపు ఐదు వేల మంది పిల్లలకు ఒక్క డోసుతోనే ఆగిపోయింది. పరిశోధకులు వాళ్లను వదిలెయ్యలేదు. పదేళ్లు వెంట ఉన్నారు. 2021లో తేలిందేమిటంటే, ఒక్క డోసు కూడా మూడు డోసులతో సమానంగా కాపాడుతోంది, 95 శాతం దాకా. ఇట్లాంటి ఆధారాల మీదే 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఒక్క డోసు సరిపోతుందన్నారు. మూడు డోసుల ఖర్చుతో ముగ్గురు పిల్లలకు టీకా! పేద దేశాలకు ఇంతకంటే విలువైన సమాచారం ఏముంటుంది?

మన తరాజులో పెట్టండి. జవాబు నిర్ణయాన్ని మార్చిందా? మార్చింది. అమలు చేసేవాళ్లున్నారా? ఎన్నో దేశాలు మారాయి. పరిశోధన పేరుతో ఎవరికైనా ఉన్న మందును కావాలని ఆపారా? లేదు. అదీ తేడా. నేను పరిశోధనకు శత్రువును కాను. నా తూకం అందరికీ ఒకటే.

పరిశోధన నిజంగా కావాల్సిన చోట అది మనకు దొరకదు కూడా. శ్రీకాకుళం ఉద్దానం చూడండి. జీడితోటల మధ్య ఊళ్లకు ఊళ్లు కిడ్నీలు పోయి మనుషులు రాలిపోతున్నారు. ఎన్నో బృందాలు వచ్చి నీళ్లు, రక్తం, మట్టి తీసుకెళ్లాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. అక్కడ ప్రశ్న తెరిచే ఉంది. జవాబు దొరికితే నిర్ణయాలు మారతాయి. కాబట్టి అక్కడ ఇంకా పరిశోధన జరగాలి, పూచీ నాది. అయితే కారణం తేలేదాకా మంచినీళ్లు, డయాలసిస్ ఆగాలా? ఉద్దానం జనం దశాబ్దాలు కొట్లాడితే నదినీళ్ల పథకం, పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబర్లో ప్రారంభమయ్యాయి. ఆ రెండూ ఇరవై ఏళ్ల ముందే చేయడానికి ఏ పేపరూ అడ్డం రాలేదు. పరిశోధన ఒక చేత్తో, వైద్యం ఇంకో చేత్తో నడవొచ్చు. "ముందు తెలియనీ" అన్న మాట చాలాసార్లు "ఇప్పుడు ఖర్చుపెట్టలేం" అన్నదానికి మర్యాద పేరు.

దీనికి సరిగ్గా అవతలి కొస మురుగు మ్యాన్‌హోళ్లు. ఎందుకు చస్తున్నారో తెలియదా? విషవాయువు. దించకూడదు. చట్టం 2013లో వచ్చింది, సుప్రీంకోర్టు తీర్పు 2014లో వచ్చింది. అయినా కేంద్రం 54 చావుల మీద ఒక అధ్యయనం చేయించింది. 2025లో పార్లమెంటు ముందుకొచ్చిన జవాబు: 90 శాతానికి పైగా మనుషుల ఒంటిమీద ఏ రక్షణ పరికరమూ లేదు. ఈ ముక్క చనిపోయినవాడి భార్యను అడిగితే టీ తాగేలోపు చెప్పేది.

ఈ దేశంలో డేటా అడిగే తీరే విచిత్రం. మన ప్రమోషన్లలో రిజర్వేషన్ అంటే 2006 నాగరాజ్ తీర్పు దగ్గర్నుంచి అంకెలు చూపించమంటారు. కులగణన చేసి ఆ అంకెలే తెస్తామంటే సమాజం చీలిపోతుందంటారు. మన క్యాన్సర్ చావులను కులం వారీగా లెక్కపెట్టమంటే జబ్బుకు కులమేంటి అంటారు. మన రక్తం కావాలంటే మాత్రం నేరుగా వాడకే వస్తారు.

ఇక తమ్ముడి రక్తహీనత స్టడీ. అదే జాతీయ సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత. ఎస్సీ, ఎస్టీల్లో అంతకంటే ఎక్కువ. ఐరన్ మాత్రల జాతీయ కార్యక్రమం 1970 నుంచి ఉంది. వేలి నుంచి తీసిన రక్తంతో కొలిస్తే రక్తహీనత ఎక్కువగా చూపిస్తుందని, సిర నుంచి తీస్తే అంకె తగ్గొచ్చని శాస్త్రవేత్తల మధ్య చర్చ నడుస్తోంది. మంచి ప్రశ్నే. కానీ 57 కాస్తా 45 అయిందనుకుందాం. మా వాడ అంగన్‌వాడీకి రావాల్సిన మాత్రల్లో ఒక్కటి తగ్గుతుందా, పెరుగుతుందా? కూలి దొరకని నెలలో పప్పు వండుకునే ఇల్లు ఒక్కటి పెరుగుతుందా? అంకె మారితే ఏం మారుతుందో చెప్పలేని స్టడీకి మా పిన్నమ్మ రక్తం ఎందుకు?

మాత్రలు ఎందుకు అందడం లేదు, అందినా ఎందుకు మింగడం లేదు, ఏ పూట తింటే కడుపులో తిప్పడం లేదు, రేషన్లో ఏది కలిపితే మార్పొస్తుంది అని అడిగే స్టడీ అయితే మొదటి వేలిముద్ర నాదే.

రెండు రోజుల తర్వాత తమ్ముడికి ఫోన్ చేసి ఐదు ప్రశ్నలు చెప్పాను. చెయ్యాలో వద్దో నేను చెప్పలేదు. మీ దగ్గరికి కూడా ఇట్లాంటి ఫారాలు వస్తాయి. రాసిపెట్టుకోండి.

1. ఈ జవాబు ఇప్పటికే ఎవరికైనా తెలుసా? తెలిస్తే మళ్లీ మన దగ్గరే ఎందుకు?

2. ఏ జవాబు వస్తే ఏ నిర్ణయం మారుతుంది? ఒక్క ఉదాహరణ నోటితో చెప్పగలరా?

3. మారిన నిర్ణయాన్ని అమలు చేసే బాధ్యత ఎవరిది? ఆ కాగితం చూపించగలరా?

4. జవాబు వచ్చేదాకా ఎవరికి ఏ వైద్యం ఆగుతుంది? రక్తం తీసినప్పుడు ఎనిమిదో, ఏడో హిమోగ్లోబిన్ బయటపడిన మనిషికి ఆ రోజే ఏం చేస్తారు?

5. ఇదే ఫారం మీ ఇంటి ఆడవాళ్ల ముందు పెడితే, ఇన్నే మాటలు చెప్పి సంతకం తీసుకుంటారా?

తమ్ముడు మొత్తం రాసుకున్నాడు. కాసేపు ఆగి, "అక్కా, ఐదోది అడిగితే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు.

"నాలుగోదాంతో మొదలుపెట్టరా. దానికి జవాబుంటే ఐదోది అడిగే పని పడకపోవచ్చు" అన్నాను.

నిన్న సోమవారం. సాయంత్రం మెసేజ్ పెట్టాడు. నాలుగో ప్రశ్న అడిగాడంట. ప్రోటోకాల్‌లో ఆ సంగతి లేదు, చూసి చెప్తాం అన్నారంట. రక్తం తక్కువున్న మనిషిని ఎక్కడికి పంపాలో, మాత్రలు ఎవరిస్తారో రాసేదాకా వాడలో అడుగు పెట్టనని చెప్పి వచ్చాడంట. ఉద్యోగం ఉందో పోయిందో వాడికింకా తెలియదు. నాకూ తెలియదు.

ఇది చదువుతున్న పబ్లిక్ హెల్త్, మెడిసిన్, నర్సింగ్, సోషల్ వర్క్ పిల్లలారా, వాడొక్కడే అడిగితే ఉద్యోగం పోతుంది. ఫీల్డ్‌కి వెళ్లే పదిమందీ అడిగితే ప్రోటోకాల్ మారుతుంది. వాడలో ఆ తలుపు తట్టేది మీరే. వేలికి సిరా అద్దేదీ మీరే. ఆ సిరా అద్దే ముందు ఒక్క నిమిషం ఆగండి. వెనిగర్ పరీక్షకు పట్టేది కూడా అంతే.

వచ్చే భాగంలో: క్యాన్సర్ రిజిస్ట్రీల్లో కులం గడి ఎందుకు లేదు, అది ఉంటే ఏం మారుతుంది. ఆ పరిశోధన మాత్రం మనమే అడగాలి.

జై భీమ్.